మూడు నీళ్లు కడిగిన ముక్క

చోటే అంటే చిన్న. కానీ చోటే మియాను చూసి చిన్నవాడని ఎవరూ అనరు. ఆరడుగుల మనిషి, తలుపు దగ్గర వంగి లోపలికి రావాలి. మహబూబ్‌నగర్‌లో డాక్టర్ రఘుపతి పెట్టిన ముక్కు, చెవి, గొంతు దవాఖానలో ఇరవై ఆరేళ్లుగా ఆపరేషన్ గది అటెండరు. డాక్టరు ముక్కులో కత్తెర పెట్టినప్పుడు పేషెంటు తల కదలకుండా రెండు చేతులా పట్టుకోవడం ఆయన పని. పట్టుకుంటూ, "ఏం గాదు, కండ్లు మూస్కో, అయిపోయింది" అంటాడు. అక్కడ ఆపరేషన్ ఇంకా మొదలే కాలేదు, ఈయనకు అప్పుడే అయిపోతుంది! అబద్ధమే. కాదని ఎవరన్నారు? కానీ ఆ అబద్ధం చెవిన పడకపోతే, కత్తెర చూసిన మనిషి బల్ల మీద ఒక్క నిమిషం ఉండడు. లేచి నేరుగా బస్టాండుకు పోతాడు.

1996లో దసరా వెళ్లిన వారానికి ఆ దవాఖానకు మంజులత వచ్చింది. భుజాన ఒక సంచి, చేతిలో పాల క్యానులాంటి పెద్ద క్యాను. హైదరాబాదు నుంచి బస్సులో దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చింది. మూత తీసేసరికి తెల్లటి పొగ బుసబుసా పైకి వచ్చింది. చోటే మియా రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏందమ్మా గది? పొయ్యి లేకుండనే ఉడుకుతాంది?"

"ఉడుకుత లేదు చాచా. సల్లదనానికి పొగలు కక్కుతాంది. వేలు పెట్టకు, కట్టె లెక్క విరుగుతది."

మొదటి మాటకే చాచా అన్నది. మన మనిషి అక్కడే పడిపోయాడు. ఆయనకూ అజీజా బేగంకూ పిల్లలు లేరు. చాచా అని పిలిచేవాళ్లకు ఊళ్లో కొదవ లేదు, నిజమే. కూరగాయలమ్మే ఆయన అంటాడు, రిక్షా తొక్కే ఆయన అంటాడు. కానీ అంత చదువు చదివిన ఆడపిల్ల, డాక్టరు సాబ్ కుర్చీ వేసి కూర్చోబెట్టిన పిల్ల, లేచి నిలబడి చాచా అనడం వేరు. ఆ రోజు ఇంటికి పోయి అజీజాకు ఆ ముక్క మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి చెప్పబోతే ఆమె, "ఇన్న, నా చెవులు మంచిగనే ఉన్నయి" అంది. ఇంట్లో వాళ్ల మాట ఉర్దూ. అజీజాకు విసుగొచ్చినా, కోపమొచ్చినా తెలుగులోకి దిగుతుంది. అందుకే ఆ ఇంట్లో తెలుగే ఎక్కువ.

మంజులతది మర్రిగూడ దిక్కు ఒక పల్లె. తండ్రి బీరన్న గొర్లు కాస్తాడు. నీళ్లలో ఫ్లోరైడు ఉందని ఏటా ఎవరో ఒకరు వచ్చి ఆ ఊరివాళ్ల పళ్లు చూసి, ఎముకలు చూసి, సీసాల్లో నీళ్లు పట్టుకుని పోయేవాళ్లు. మళ్లీ వచ్చి ఏం తేలిందో చెప్పినవాడు లేడు. ఆ కోపమే ఈ పిల్లను చదువులోకి తోసింది. హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. పత్తికి పురుగుమందు కొట్టేవాళ్ల ముక్కు లోపలి పొరలో ఏం జరుగుతోందో చూడటం ఆమె చదువు.

"ముక్కు లోపలి పొరల ఎంజైములని ఉంటయి చాచా. మనం పీల్చిన మందు గాలి ఊపిరితిత్తులకు పోకముందే పట్టుకొని, తుంచి పారేస్తయి. మందు కొట్టేటోళ్ల ముక్కుల అవి ఎక్కువ తయారైతున్నయా, లేదా? గిదే నేను చూడాలె."

"ఎట్ల చూస్తవు బిడ్డా? కంటికి కనబడతయా?"

మంజులత కాసేపు ఆలోచించింది. చుట్టూ చూసింది. గోడకానుకుని చిట్టీలు పట్టుకున్న పేషెంట్లు వరసగా కూర్చుని ఉన్నారు.

"మన డాక్టర్ సాబ్ గదిల కూసుంటడు గద? ఆయన మందు చెయ్యడు. చిట్టీ రాసిస్తడు. గా చిట్టీ చూసి మందులాయన మందిస్తడు. జన్యువు గూడ గట్లనే చాచా. తన గదిల నుంచి బయటికి రాదు. చిట్టీ రాసి పంపుతది. గా చిట్టీ చూసి ఎంజైము తయారైతది. నేను గా చిట్టీలు చదువుత. ఎన్ని చిట్టీలుంటే గంత పని జరుగుతున్నట్టు."

చోటే మియా నోరు తెరిచి విన్నాడు. ఇరవై ఆరేళ్లు ముక్కుల మధ్యనే బతికాడు గానీ, ముక్కులో ఇంత చిట్టీల కచేరీ నడుస్తుందని ఆయనతో చెప్పినవాళ్లు లేరు.

ఆమెకు కావలసింది ఇంతే. వంకర ముక్కు సరిచేసేటప్పుడు డాక్టరు లోపలి కండలోంచి పెసరగింజంత ముక్క తీసేస్తాడు. ఎప్పుడూ చెత్తబుట్టలోకే పోయేది. పేషెంటు ఒప్పుకుని వేలిముద్ర వేస్తే ఆ ముక్క మంజులతకు. ఆపరేషన్లు మంగళవారం, శుక్రవారం. ఆమె శనివారం వచ్చి తీసుకుపోతుంది. ఆ రెండు రోజులూ ముక్కను సీసాలో వేసి క్యానులో ముంచే పని చోటే మియాది. డాక్టరే ఆయన పేరు చెప్పాడు.

"చేతులకు తొడుగులేసుకో చాచా. డాక్టర్ సాబ్ ఇయ్యంగనే సీసల ఎయ్యాలె. మూత గట్టిగ పెట్టి క్యానుల ముంచాలె. జర జల్ది చెయ్యాలె."

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. నా మీద ఇడిసిపెట్టు."

విడిచిపెట్టింది. ఇక్కడే కథ అడ్డం తిరిగింది. మీ దగ్గర దాచడమెందుకు, ఇప్పుడే చెప్పేస్తాను.

మొదటి మంగళవారం డాక్టరు స్టీలు గిన్నెలో ముక్క పడేశాడు. నెత్తురు, చీమిడి, దూది పోగులు. చోటే మియా దాన్ని చూశాడు, సీసాను చూశాడు. సీసా మీద ఆ పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో అంకె వేసి పెట్టింది. ఆయన మనసొప్పలేదు. "ఛీ, గిట్లనే ఇస్తమా పిల్లకు?" అనుకున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పిన మర్యాద ఒకటుంది. ఇంకొకరి ఇంటికి మాంసం ఇచ్చేటప్పుడు మూడు నీళ్లు కడిగి ఇవ్వాలి. నెత్తురు కారుతుండగా చేతిలో పెడితే తీసుకునేవాళ్లను తక్కువ చేసినట్టు. పాపం ఆ తల్లి నేర్పిన నాలుగు మంచి మాటల్లో ఇదొకటి. ఆయన దాన్ని యాభై ఏళ్లుగా దాటలేదు.

అందుకని గిన్నె పట్టుకుని నల్లా దగ్గరికి పోయాడు. తొడుగుల్లో ముక్క జారుతోందని వాటిని తీసేశాడు. ఒక నీళ్లు పోసి నానబెట్టాడు. పారబోసి రెండో నీళ్లు. మూడో నీళ్లలో ముక్క తెల్లగా, మల్లెమొగ్గలా తేలింది. అప్పుడు సీసాలో వేసి, మూత బిగించి, క్యానులో ముంచాడు. చేతులు తుడుచుకుంటూ ఎంత సంతోషపడ్డాడో! జనవరి దాకా అలా ఇరవై రెండు ముక్కలు కడిగాడు. ఒక్కటి వదల్లేదు.

శనివారం శనివారం మంజులత వచ్చేది. అజీజా ఆమె కోసం జొన్న రొట్టెలూ పుంటికూరా కట్టి పంపేది. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని ఆమె తింటుంటే, చోటే మియా పక్కన నిలబడి ఆ వారం ముక్కుల సంగతులు చెప్పేవాడు. ఎవరు భయపడ్డారు, ఎవరు డాక్టరు వేలు కొరికారు, అన్నీ. ఆమె నవ్వితే ఇంటికి పోయి ఆ నవ్వు కూడా చెప్పేవాడు. "గా పిల్లను ఒకసారి ఇంటికి తోలుక రారాదు? చెప్పుడే చెప్పుడు" అని అజీజా విసుక్కునేది. సంక్రాంతి ముందొకసారి తీసుకొచ్చాడు కూడా. అజీజా ఆ పిల్ల జుట్టు చూసి, "నూనె ఎప్పుడు పెట్టినవే?" అని గదిమి, కూర్చోబెట్టి తల దువ్వి పంపింది.

జనవరి చివరి శనివారం మంజులత వచ్చినప్పుడు ముఖంలో నెత్తురు చుక్క లేదు. సంచి కింద పెట్టి బెంచీ మీద కూలబడింది.

"ఏమైంది బిడ్డా? బాపుకేమన్న అయిందా?"

"బాపు మంచిగనే ఉన్నడు చాచా. నా పనే గంగల కలిసింది. ఇరవై రెండు ముక్కలు చూసిన. ఒక్కదాంట్ల గూడ చిట్టీ లేదు. అన్నీ చెరిగిపోయినయి. హైదరాబాద్ దవాఖాన నుంచి తెచ్చిన ముక్కలల్ల మంచిగొచ్చింది. ఇక్కడియే రాలేదు."

"మరిప్పుడు?"

"మార్చి నెలాఖరుకు నా స్కాలర్‌షిప్ అయిపోతది. అప్పటికి ఏదన్న చూపిస్తేనే ఇంకో ఏడాది ఇస్తరు. లేకుంటే ఈ పని వేరేటోళ్లకు పోతది. నేను ఇంటికి పోవాలె." ఆమె కింద పెట్టిన సంచిని దగ్గరికి లాక్కుంది. "మా ఊరోళ్లకు చెప్పిన చాచా. అందరి లెక్క కాదు, నేను మళ్లొచ్చి చెప్త, మీ ముక్కులల్ల ఏమైతాందో చెప్త అని."

చోటే మియా క్యాను లీకైందేమో చూశాడు, మూతలు చూశాడు. "బస్సుల ఎవడన్న మూత తీసిండేమో బిడ్డా? గీ జనం ఊకుండరు" అని ప్రయాణికుల మీద పడ్డాడు. తన చేతుల మీదికి ఆలోచనే పోలేదు. ఎందుకు పోతుంది? ఆ చేతులు మర్యాద తప్ప ఇంకోటి చేయలేదు మరి.

మంజులత హైదరాబాదు పోలేదు. ఎక్కడ తప్పు జరుగుతోందో కళ్లతో చూడాలని, మంగళవారం దాకా నర్సు యాదమ్మ ఇంట్లో ఉండిపోయింది. మంగళవారం ఆపరేషన్ గది మూలన నిలబడింది. డాక్టరు ముక్క తీశాడు. పిల్ల చూస్తోందని చోటే మియాకు హుషారు. గిన్నె పట్టుకుని నల్లా దగ్గరికి పోయాడు. తొడుగులు తీశాడు. ఒక నీళ్లు, రెండో నీళ్లు, మూడో నీళ్లు. ఆ రోజు ఇంకో నీళ్లు ఎక్కువే పోశాడు.

వెనక్కి తిరిగేసరికి మంజులత కొయ్యబారి నిలబడి ఉంది.

"చాచా... ప్రతిసారి గిట్లనే కడుగుతవా?"

"కడగకుండ ఎట్లిస్త బిడ్డా? నెత్తురు కారంగ నీ చేతుల పెడతనా?"

ఆమె ఆ తడి చేతులు చూసింది, ఆయన ముఖంలో మెచ్చుకోలు కోసం చూస్తున్న ఆ ఆరడుగుల అమాయకత్వాన్ని చూసింది. "ఎంత మంచిగ కడిగినవు చాచా" అంది. "ఇప్పటి సంది నువ్వు కడగకు. ఊకె నీకెందుకు కష్టం. నేనే కడుక్కుంట." అని గబగబా బయటికి పోయింది. కళ్లు తుడుచుకోవడం యాదమ్మ చూసింది గానీ, చోటే మియా చూడలేదు.

ఆ సాయంత్రం, రంజాన్ రోజులు, రోజా ఉపవాసం విడిచే వేళ ఇంకా కాలేదు. అజీజా వాకిట్లో కూర్చుని మటన్ కడుగుతోంది. చోటే మియా మంచం మీద కూర్చుని పొద్దున్న జరిగింది చెబుతున్నాడు.

"నేనే కడుక్కుంట అన్నదే పిల్ల. నాకు కష్టమని! ఎంత ప్రేమ చూడు."

అజీజా చెయ్యి నీళ్లలో ఆగిపోయింది. గిన్నెలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. వాటిని చూసింది, మొగుణ్ణి చూసింది.

"గా ముక్కల చిట్టీలుంటయన్నవు గద?"

"ఆఁ, ఉంటయి."

"చిట్టీని మూడు నీళ్లల్ల నానేస్తే అక్షరం ఉంటదా?"

చోటే మియా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన ముఖం చూసి అజీజా నాలుక కరుచుకుంది గానీ, అన్నమాట వెనక్కి రాదు కదా. పొద్దు గూకగానే మగ్రిబ్ అజాన్ వినపడింది. ఆమె ఖర్జూరం తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఇరవై రెండు" అన్నాడు. "ఇరవై రెండు ముక్కలే. నా చేతుల ఇరగ! నోట్లె మట్టి కొట్టిన గదనే పిల్లకు. అది చూసింది గూడ. చూసి గూడ మంచిగ కడిగినవు అన్నది."

"నీకు బాధైతదని చెప్పలేదు."

"తిడితే బాగుండు."

ఆ శనివారం మంజులత గైడు మేడమ్ హైదరాబాదు నుంచి వచ్చింది. కళ్లజోడు, కాటన్ చీర, తక్కువ మాటలు. డాక్టరు గదిలో కూర్చుని క్యానును, సీసాలను, రాసిన కాగితాలను చూసింది. మంజులత ఎదురుగా నిలబడి ఉంది. చోటే మియా చాయ్ తీసుకుని లోపలికి వచ్చాడు. తాను రోజా ఉన్నాడు, ఆ కప్పులు వాళ్లకు.

"క్యానులో నైట్రోజన్ తగ్గిపోయిందని, నువ్వు చూసుకోలేదని రాసిచ్చావు" అంటోంది మేడమ్. "మూడు నెలలు చూసుకోలేదా? ఇంత అజాగ్రత్త మనిషికి ఇంకో ఏడాది ఇమ్మని నేను ఎలా సంతకం పెట్టను, మంజులతా?"

మంజులత తల దించుకుంది. "నాదే తప్పు మేడమ్."

చోటే మియా చాయ్ ట్రేతో అక్కడే ఆగాడు. నోరు మూసుకుని బయటికి పోతే అయిపోయేది. ఎవరికీ తెలియదు. చెప్తే డాక్టరు ఊరుకోడు, పేషెంటు కండను ఉత్త చేతులతో పట్టుకున్నాడని తెలిస్తే ఆ దినమే గేటు చూపిస్తాడు. ఈ వయసులో ఇంకెవరు పని ఇస్తారు? ఇవన్నీ ఆయన మూడు రోజులుగా అనుకున్నవే. ట్రే బల్ల మీద పెట్టాడు.

"మేడమ్ సాబ్, జర ఆగున్రి. గా ముక్కల్ని ఖరాబు చేసింది నేను."

"ఏందయా నువ్వు?" అన్నాడు డాక్టర్ రఘుపతి.

"కడిగిన సాబ్. ఇరవై రెండు ముక్కలు మూడు మూడు నీళ్లు కడిగిన. జారుతున్నయని తొడుగులు గూడ తీసేసిన. రోజా మీదున్న, అబద్ధం చెప్ప. క్యానుల ఏం తగ్గలే. పిల్ల వారం వారం చూసుకున్నది. నన్ను పనిల నుంచి తీసెయ్యున్రి. పిల్ల చదువు మాత్రం తియ్యకున్రి, మీ కాళ్లు మొక్కుత."

మేడమ్ కళ్లజోడు తీసి మంజులత వైపు చూసింది.

"నీకు తెలుసా?"

"తెలుసు మేడమ్. మంగళవారం చూసిన."

"మరి నాకు ఈ అబద్ధం ఎందుకు రాసిచ్చావు?"

"తొడుగులేసుకొమ్మని చెప్పిన మేడమ్. సీసల ఎయ్యమని చెప్పిన. కడగొద్దని నేను చెప్పలే. నేను చెప్పనిదానికి ఆయన తప్పెట్లయితది? ఈ వయసుల ఆయన నౌకరి పోతే..." ఆమె చోటే మియా వైపు తిరిగి గద్దించింది. "నిన్నెవరు చెప్పమన్నరు చాచా? నేను చూసుకుంటుంటి గద!"

"నువ్వేం చూసుకుంటవు? మూట కట్టుకొని పోతుంటివి!"

"పోతే పోత, నీకేంది?"

"నాకేందా? నాకేందని అడుగుతున్నవా?"

ఇద్దరూ ఏడుస్తూ పోట్లాడుకుంటున్నారు. మేడమ్ చాయ్ కప్పు తీసుకుని ఒక గుక్క తాగింది.

"పద్దెనిమిదేళ్లుగా ల్యాబ్ నడుపుతున్నాను" అంది. "ఏదైనా చెడిపోతే ఎవరూ నాది అనరు. ఇవాళ ఒక్క తప్పు కోసం ఇద్దరు కొట్టుకుంటున్నారు. మంజులతా, నాకు అబద్ధం రాసిచ్చినందుకు నీ మీద కోపం ఉంది. అది అలాగే ఉంటుంది. మార్చి నెలాఖరులోపు ఆరు ముక్కలు తీసుకురా. మందు కొట్టినవాళ్లవి మూడు, కొట్టనివాళ్లవి మూడు. ఆరింట్లోనూ చిట్టీ కనపడాలి. ఒక్కటి తగ్గినా నేను సంతకం పెట్టను." చిట్టీ అన్న మాట ఆమె కూడా వాడేసింది. వాడినట్టు ఆమె గమనించలేదు.

డాక్టర్ రఘుపతి చోటే మియాను పనిలోంచి తీయలేదు. బదులుగా అరగంట తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయడం కుదరదు.

ఆరు ముక్కలంటే ఆరుగురు మనుషులు. పత్తి ఏరే పనులు, పెళ్లిళ్ల రోజులు, ముక్కు కోయించుకోవడానికి ఎవరు వస్తారు? చోటే మియా పాత రిజిస్టరు దులిపాడు. ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పినా భయపడి పారిపోయినవాళ్ల పేర్లు తీశాడు. ఆదివారం ఆదివారం బస్సెక్కి పల్లెలకు పోయాడు. దేవరకద్ర దిక్కు గాలయ్య అనే రైతు ఈయన్ని దూరం నుంచి చూసి పత్తికట్టె కుప్ప వెనక దాక్కున్నాడు. చోటే మియా కుప్ప ఇవతలే కూర్చుని, లోపలివాడికి వినపడేట్టు గంటసేపు మాట్లాడాడు. "నీ మంచికే చెప్తున్న. రాత్రిపూట గాలి ఆడక లేసి కూసుంటున్నవా లేదా? డాక్టర్ సాబ్ చెప్పి రెండేండ్లాయె. గా ముక్క ఇస్తవా ఇయ్యవా అది నీ ఇష్టం. ముక్కు మాత్రం బాగు చేయించుకో." చివరికి కుప్ప వెనకనుంచి, "నొప్పి అయితదా?" అని వినిపించింది.

"అయితది. ఒక దినం" అన్నాడు చోటే మియా. ఆ సంవత్సరం ఆయన నిజాలు చెప్పడం మొదలుపెట్టాడు.

గాలయ్య వచ్చాడు. బల్ల మీద ముక్క వచ్చింది, నెత్తురుతో, చీమిడితో. గిన్నె పట్టుకున్న చోటే మియా కాళ్లు వాటంతట అవే నల్లా వైపు రెండడుగులు వేశాయి. ఆగాడు. "తోబా, తోబా" అనుకుంటూ తిరిగి, ఉన్నదున్నట్టు సీసాలో వేసి క్యానులో ముంచాడు. అమ్మ కళ్లముందు మెదిలింది. "మాఫ్ చెయ్యి అమ్మా" అన్నాడు మనసులో. తర్వాత పర్వతాలు అనే ఆయన వచ్చాడు. అలా మార్చి మూడో వారానికి ఐదుగురయ్యారు. మందు కొట్టినవాళ్లు ముగ్గురు, కొట్టనివాళ్లు ఇద్దరు. కొట్టనివాడు ఇంకొకడు కావాలి. శుక్రవారం ఆపరేషన్లలో ఆ ఒక్క జాగా ఖాళీ. అది తప్పితే మళ్లీ ల్యాబులో పని ముగించడానికి రోజులు చాలవు.

గురువారం చోటే మియా అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. "ఊర్లె ఒక్క వంకర ముక్కు లేదానె?" అన్నాడు.

అజీజా గరిటె కింద పెట్టింది. "ఎందుకు లేదు? నా ఎదురుంగనే ఉంది. డాక్టర్ సాబ్ చెప్పి పన్నెండేండ్లాయె. నీ గురకకు పక్కింటోళ్లు లేసి మన ఇంటి మీదికొస్తున్నరు."

"నాదా?" చోటే మియా చెయ్యి ముక్కు మీదికి పోయింది. "నాది... రంజాన్ అయినంక చేయించుకుంట అన్న గద."

"రంజాన్ అయి నెల దాటె."

"ఎండలు కొట్టబట్టె. ఎండకాలంల కోస్తె నెత్తురాగదంట."

"ఎవరన్నరు?"

"అంటరు."

"ఊర్లోళ్లందరి తలలు పట్టుకుంటివి. అందర్ని బల్ల మీదికి ఎక్కిస్తివి. నీ దాకా వచ్చేసరికి గీ భయమేందయ్యా?" అజీజా గొంతు మెత్తబడింది. "గా పిల్లకు ఒక్కటి తక్కువైందంటున్నవు. ఇంకెవరు ఇస్తరు?"

శుక్రవారం చోటే మియా బల్ల మీద పడుకున్నాడు. కాళ్లు బల్ల దాటి బయటికి వచ్చాయి. తల పట్టుకోవడానికి యాదమ్మ వచ్చింది. మత్తుమందు ముక్కులో పెడుతుండగానే, "ఏం గాదు చాచా, కండ్లు మూస్కో, అయిపోయింది" అంది.

"నాకే చెప్తున్నవా గా అబద్ధం!" అన్నాడు వణుకుతూ. డాక్టరు నవ్వు ఆపుకోలేక ఒక నిమిషం కత్తెర పక్కన పెట్టాల్సి వచ్చింది.

నొప్పి తెలియలేదు గానీ చప్పుడు తెలిసింది. కాసేపటికి డాక్టరు చెయ్యి పైకి లేచింది. చిమ్టా కొసన ఎర్రటి ముక్క. చోటే మియా ఓరకంట చూశాడు. తన ముక్కే. నెత్తురు కారుతోంది, చీమిడి వేలాడుతోంది. సిగ్గుతో ఆయన చచ్చిపోయాడు. మంజులత ముందుకు వచ్చింది. గిన్నె కూడా పట్టలేదు. తొడుగు వేసుకున్న అరచెయ్యి చాపి ముక్కను అందులోనే తీసుకుంది. నెత్తురు ఆమె మణికట్టు దాకా కారింది. ముఖం చిట్లించలేదు, పక్కకు తిప్పుకోలేదు. పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని సీసాలో దించింది. చోటే మియా కళ్లు మూసుకున్నాడు.

ఎనిమిది రోజులు గడిచాయి. శనివారం మధ్యాహ్నం చోటే మియా ఇంటి ముందు మంచంలో ఉన్నాడు, ముక్కు ఇంకా ఉబ్బే ఉంది. మంజులత గేటు తోసుకుని పరుగున వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు. సంచిలోంచి ఒక నలుపు తెలుపు ఫోటో తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"వచ్చింది చాచా! ఆరింట్లకు ఆరు వచ్చినయి! మేడమ్ సంతకం పెట్టింది. ఇంకో ఏడాది ఇచ్చిన్రు."

అజీజా లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఫోటోలో నల్లటి జాగాలో తెల్లటి అడ్డగీతలు, వరసగా ఆరు.

"గీ గీతలే చిట్టీలు చాచా. గీ మూడు మందు కొట్టినోళ్లయి. చూడు, ఎంత దట్టంగ ఉన్నయో. ఆరుగురిని చూసి ఏం తేల్చొద్దన్నది మేడమ్, ఇంకా మస్తుమందిని చూడాలె. కానీ మొదలైతే అయింది చాచా. మా ఊరోళ్లకు చెప్పడానికి ఒక్క మాటన్న దొరికింది."

"నాదేది?"

"గిదే. కొసకున్నది."

చోటే మియా ఆ గీతను చాలాసేపు చూశాడు. అజీజా కూడా వంగి చూసింది. ఇంత గురక పెట్టే ముక్కుకు ఇంత సన్నటి గీతా అని గొణిగింది. మంజులత నవ్వింది. ఆయన నవ్వలేదు.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత. గా దినం నా ముక్క నీ చేతుల పట్టుకున్నవు. కడగలే, ఏం లే. నెత్తురు, చీమిడి. నీకు అసయ్యమనిపియ్యలేదా?"

మంజులత వింతగా చూసింది. నిజంగానే ఆ ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు.

"మా బాపుదైతే అసయ్యపడుదునా చాచా?"

చోటే మియా పెద్ద భుజాలు రెండూ కదిలిపోయాయి. ఫోటో తడుస్తుందని మంజులత పక్కకు తీసింది. అజీజా తన కొంగుతో మొగుడి కళ్లు ఒత్తుతూ, తాను కూడా ఏడుస్తూ, గట్టిగా కసురుకుంది.

"ఏడిస్తే ఏడువు, ఎవరొద్దన్నరు? ముక్కు మాత్రం చీదకు. పదిహేను దినాలు చీదొద్దన్నడు డాక్టర్ సాబ్."